బత్తాయికి తల్లి మన పంపర పనస

(కడియపులంకలో నర్సరీ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

నర్సరీ సోదరులకు, అక్కచెల్లెళ్ళకు, కోనసీమ నుంచి, ఏలూరు మెట్ట నుంచి వచ్చిన రైతులకు నమస్కారం.

నిమ్మ, బత్తాయి, కమలా, నారింజ, దబ్బ, గజనిమ్మ, పంపర పనస. ఇవన్నీ ఒకే కుటుంబమని మీకు నేను చెప్పక్కర్లేదు, ఆకు నలిపి వాసన చూస్తేనే తెలిసిపోతుంది. తేలనిదల్లా ఎవరికి ఎవరు ఏమవుతారన్నదే. ఈ చుట్టరికం కోసం వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం తంటాలు పడ్డారు. వీటిలో 16 జాతులున్నాయని అమెరికాలో స్వింగిల్ అన్నాడు. కాదు, 162 అని జపాన్‌లో తనాకా అన్నాడు. ఇద్దరూ గొప్ప పండితులే. కానీ ఈ చెట్లు ఒకదానితో ఒకటి ఇట్టే సంకరమవుతాయి. ఆకునూ పువ్వునూ కాయనూ చూసి లెక్క కట్టినంతకాలం ఆ తగవు తీరేది కాదు.

తీర్చింది డీఎన్‌ఏ. ఈ చెట్ల కణంలో వంశలక్షణాలు మోసే క్రోమోజోములనే పోగులు 9 జతలుంటాయి, ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. పాత చీరలతో కుట్టిన బొంతను చూసి ఇంట్లో పెద్దావిడ ఇది మా అమ్మ చీర ముక్క, ఇది మా అత్తగారిది అని చెప్పగలదు కదా. అలాగే క్రోమోజోము పొడవునా ఏ ముక్క ఏ జాతి నుంచి వచ్చిందో ఇప్పుడు చదవగలుగుతున్నారు. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువులకు వేరే సొంత డీఎన్‌ఏ ఉంటుంది, అది తల్లి వైపు నుంచే దిగుతుంది. కనుక తల్లి ఎవరో దాన్ని చూసి తేల్చవచ్చు.

2018లో ఆల్బర్ట్ వూ, మాన్యుయెల్ టాలన్, డేనియల్ రోక్సార్ తదితరులు 60 రకాల జన్యువులను పోల్చి నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. అసలైన జాతులుగా వాళ్ళు గుర్తించినవి 10. మన పెరళ్ళకూ తోటలకూ సంబంధించినంతవరకు ముఖ్యమైన మూలజాతులు మూడు: పంపర పనస, మాదీఫలం (ఇంగ్లీషులో సిట్రాన్), మాండరిన్ కమలా. నిమ్మ విషయానికొస్తే నాలుగోది ఒకటుంది, ఫిలిప్పీన్స్‌లో పెరిగే మైక్రాంథా అనే అడవి జాతి.

ఇక బంధుత్వాలు చూడండి. పంపర పనసకూ మాండరిన్‌కూ పుట్టింది పుల్ల నారింజ. పుల్ల నారింజకూ మాదీఫలానికీ పుట్టింది లెమన్, అంటే పైదేశాల పసుపు నిమ్మ, మన నిమ్మ కాదు. మన పచ్చళ్ళలో వేసే నిమ్మకాయకు తల్లి ఆ మైక్రాంథా, తండ్రి మాదీఫలం. మీరు వేరుమూలంగా, అంటే అంటుకు కింది మొక్కగా వాడే జంబేరి, రంగపూర్ నిమ్మ రెండూ మాండరిన్, మాదీఫలాల సంతానమే, వేర్వేరు సంకరాలు. బత్తాయి కథ కొంచెం చిక్కు. దాని హరితరేణువులు పంపర పనసవి, అంటే తల్లి వైపు ఎటూ పంపర పనసే. అయితే బత్తాయి రెండు శుద్ధజాతులు ఒక్కసారి కలిసి పుట్టింది కాదు. దాని జన్యువుల్లో పంపర పనస, మాండరిన్ ముక్కలు తరాల కలయికతో అల్లుకుపోయి ఉన్నాయి. ఆ బత్తాయి కోవదే ఒక చెట్టు 18వ శతాబ్దంలో కరీబియన్ దీవి బార్బడోస్‌లో మళ్ళీ పంపర పనసతో కలిస్తే గ్రేప్‌ఫ్రూట్ పుట్టింది.

ఈ కుటుంబం పుట్టిల్లు ఎక్కడ? 2018 నాటి పరిశోధన చూపించింది హిమాలయాల ఆగ్నేయపు అంచును. తూర్పు అస్సాం, ఉత్తర మయన్మార్, పశ్చిమ యునాన్ కలిసే చోటు. సుమారు 80 లక్షల ఏళ్ళ క్రితం రుతుపవనాలు బలహీనపడి వాతావరణం పొడిబారిన కాలంలో అక్కడి నుంచి ఈ జాతులు విడివడి వ్యాపించాయన్నారు. 2023లో చైనా శాస్త్రవేత్తలు మొదటి పుట్టిల్లు దక్షిణ మధ్య చైనా అని వాదించారు. వాదన ఇంకా నడుస్తోంది, నడవాలి కూడా.

మీ పనికి దగ్గరైన మాట ఇప్పుడు చెబుతాను. ఒక నిమ్మగింజ పాతితే రెండు మూడు మొలకలు రావడం మీరు రోజూ చూస్తారు. వాటిలో ఒకటి పుప్పొడి కలిసి పుట్టింది కావచ్చు. మిగిలినవి తల్లి కణజాలం నుంచి నేరుగా లేచినవి, అచ్చం తల్లే. మీరు ఒకేలా ఉన్నవి ఉంచి, తేడాగా ఉన్నవి ఏరిపారేయడం వెనక ఉన్న శాస్త్రం ఇదే. బత్తాయి, మాండరిన్‌లలో ఈ గుణాన్ని నడిపే జన్యువును 2017లో చైనాలో పట్టుకున్నారు. ఆ జన్యువు ముందు ఎక్కడినుంచో దూకి చేరిన చిన్న డీఎన్‌ఏ ముక్క ఒకటుంది, అదే దాన్ని మేల్కొలుపుతుంది. అందుకే లోకంలోని బత్తాయి రకాలన్నీ, మన సాత్‌గుడి రకంతో సహా, ఎప్పుడో పుట్టిన ఒక్క చెట్టుకు నకళ్ళు. వాటి మధ్య తేడాలు కొమ్మల్లో అనుకోకుండా వచ్చిన చిన్న మార్పులే.

నకళ్ళతో లాభముంది, ప్రమాదమూ ఉంది. 1930ల నుంచి బ్రెజిల్, అర్జెంటీనాలలో పుల్ల నారింజ వేరుమూలం మీద కట్టిన బత్తాయి చెట్లు ట్రిస్టెజా వైరస్ సోకి లక్షల్లో ఎండిపోయాయి. అన్నీ ఒక్క తీరువి కావడంతో ఒక్క తెగులుకే పోయాయి. ఆ తర్వాత బ్రెజిల్ రైతులను నిలబెట్టింది మన రంగపూర్ నిమ్మే.

పంపర పనస అలా కాదు. గింజకు ఒక్క మొలకే. పైగా తన పుప్పొడితో తాను కాయ పట్టదు, పక్క చెట్టు కావాలి. అంటే గింజతో లేచిన ప్రతి పంపర పనసా అంతకుముందు లోకంలో లేని కొత్త చెట్టు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టడానికి తప్ప మనం దాన్ని పట్టించుకోము. కొబ్బరి తోట గట్టున, కాలువ పక్క పెరట్లో తాతల నాడు గింజ పడి లేచిన చెట్లు ఇంకా ఉన్నాయి. కొన్నిటికి తొనలు తెలుపు, కొన్నిటికి గులాబీ. ఒకటి చేదు, ఇంకొకటి తేనె. బత్తాయి తల్లి వంశపు వైవిధ్యం అక్కడుంది, పుస్తకంలో కాదు. మేఘాలయలో గారో కొండల మీద నోక్రెక్ దగ్గర అడవి నారింజ జాతి కోసం ప్రత్యేకంగా సంరక్షణ కేంద్రమే ఏర్పాటు చేశారు. మన చెట్లకు అలాంటిది లేదు. ఇంటి స్థలం కోసమో చెరువు కోసమో కొట్టేస్తే ఆ చెట్టు మళ్ళీ రాదు, దాని గింజ పాతినా రాదు.

అంటు కడితేనే వస్తుంది, ఆ చెయ్యి మీది. అందుకే అడుగుతున్నాను. మీ ఊళ్ళో ముసలి పంపర పనస ఎక్కడున్నా, కొట్టకముందే అంటుకు దాని కన్ను (కొమ్మ మీది మొగ్గ) తీసుకోండి. తొన రంగు, తొక్క మందం, చేదు, గింజల సంఖ్య, కాయ దిగే నెల, వరద నీరు ఎన్ని రోజులు నిలిచినా తట్టుకుందో ఒక పుస్తకంలో రాసి, అదే నంబరు మొక్కకు కట్టండి. అమ్మేటప్పుడు మాత్రం ఒక్క తల్లి అంట్లే తోటంతా వేయించకండి. పరాగం అందక కాయ పట్టదు. రెండు మూడు వేర్వేరు చెట్ల అంట్లు కలిపి ఇవ్వండి.