పోస్ట్ పెట్టాక మొదలయ్యే ఎదురుచూపు

హోస్ట్: నమస్కారం. ఫోన్ పక్కన పెట్టేసినా మనసు మాత్రం దాని చుట్టూనే ఎందుకు తిరుగుతుంది? ఈ ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం. మనతో ఒక కౌన్సెలర్ ఉన్నారు. మేడమ్, మీ దగ్గరికి వచ్చేవాళ్లు ముందు ఏం చెబుతారు?

కౌన్సెలర్: ఏకాగ్రత కుదరట్లేదంటారండీ. కాసేపు మాట్లాడిస్తే అసలు విషయం బయటికొస్తుంది. ఫొటో ఒకటి పెట్టి, ఫోన్ బోర్లా పెట్టేసి, పుస్తకం తీస్తారు. రెండు పేజీలు తిరిగేస్తారు, ఒక్క ముక్క బుర్రకెక్కదు. చెయ్యి మళ్లీ ఫోన్ మీదికి పోతుంది. ఏడు లైకులు. ఇందాక కూడా ఏడే. ఎవరు కొట్టారో చూస్తారు, ఎవరు కొట్టలేదో ఇంకా శ్రద్ధగా వెతుకుతారు.

హోస్ట్: ఆ రెండోదే కదా ప్రాణం తీసేది!

కౌన్సెలర్: అవును. ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ 2009లో వచ్చింది. మెచ్చుకోలుకి అలా ఒక లెక్క వచ్చి పడింది. కొలుచుకోవడానికి వేరే ఆధారం దొరక్కపోతే మనిషి పక్కవాళ్లతో పోల్చుకుంటాడని లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశారు. ఇప్పుడు ఆ పోలిక కళ్లెదుట అంకెల్లో కనిపిస్తోంది.

హోస్ట్: మరి మెసేజ్‌ల సంగతి? నాకు అక్కడే టెన్షన్ ఎక్కువ.

కౌన్సెలర్: వాట్సాప్‌లో 2014లో నీలం టిక్కులొచ్చాయి. అంతకుముందు ‘ఇంకా చూసి ఉండరులే’ అని సర్దుకునేవాళ్లం. ఇప్పుడు చూశారని తెలిసిపోతుంది, ఎందుకు పలకలేదో మాత్రం తెలియదు. ఆ ఖాళీని మనమే నింపేసుకుంటాం. కోపమొచ్చిందేమో, నన్ను పట్టించుకోవట్లేదేమో అని. అవతలివాళ్లు ఏ పనిలో ఉండి చూశారో మనకేం తెలుసు? అయినా మన పని మాత్రం ఆగిపోతుంది. నా మటుకు నాకు, వీడియోలు చూస్తూ గడిపేసిన గంట కంటే ఇలా కొట్టుకుపోయిన గంటే ఎక్కువ నష్టమనిపిస్తుంది.

హోస్ట్: పదే పదే చూడాలనిపించడం ఎందుకు?

కౌన్సెలర్: బిళ్లని ముక్కుతో పొడిస్తే గింజ పడేలా పెట్టి, అది ఎన్నోసారికి పడుతుందో తెలియనప్పుడు పావురాలు విడవకుండా పొడుస్తూనే ఉంటాయని బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాల్లో తేలింది. లైకు కూడా ఎప్పుడొస్తుందో తెలియదు కదండీ.

హోస్ట్: మరి ఏం చేయమంటారు?

కౌన్సెలర్: ఆశించేదేదో ముందే నోరు తెరిచి చెప్పేయడం. ‘తొందరేం లేదు, రేపటిలోగా చెప్పు’ అని మెసేజ్ చివర ఒక్క ముక్క చేర్చితే ఇద్దరికీ ఊపిరాడుతుంది. ‘అర్జెంటైతే ఫోన్ చెయ్యి’ అని దగ్గరివాళ్లకి చెప్పి పెట్టుకోండి, అప్పుడు మెసేజ్ ఆలస్యమైనా కంగారుండదు. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల లెక్క దాచుకునే వీలు 2021 నుంచి ఉంది. కుర్రవాళ్లకి నేను ముందు అదే చెబుతాను.

హోస్ట్: పోస్టుల మీదే బతికేవాళ్లుంటారు. వాళ్లు చూడకుండా ఎలా?

కౌన్సెలర్: చూడాలి, తప్పదు. కాకపోతే పెట్టేముందే తేల్చుకోవాలి, దీని నుంచి నాకేం కావాలి అని. పని గురించి అడిగేవాళ్లు ఇద్దరొస్తే చాలనుకున్నవాళ్లు లైకుల కోసం కూర్చోనక్కర్లేదు. అడిగినవాళ్లకి జవాబిచ్చి లేచిపోవచ్చు.

హోస్ట్: నీలం టిక్కులు ఆపేస్తే సరిపోతుందా?

కౌన్సెలర్: కొంతవరకే. మీవి ఆపేస్తే అవతలివాళ్లవీ మీకు కనిపించవు, అది మంచిదే. గ్రూపుల్లో మాత్రం ఎవరు చదివారో తెలుస్తూనే ఉంటుంది. అందుకే గ్రూపులో ముందే అనుకోవాలి: పేరు పెట్టి అడిగితేనే జవాబివ్వాలని, మిగతావాటికి పలకకపోయినా ఎవరూ తప్పుపట్టకూడదని.