హత్య తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

సభకు నమస్కారం.

మన హైదరాబాద్‌లో సచివాలయంలోకి వెళ్లాలంటే పాసు చూపించాలి, తనిఖీ దాటాలి. ఊళ్లో సర్పంచ్ దగ్గరికి వెళ్లేవాడిని ఆపేవారుండరు. ఒక టేబులు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద పెయింటుతో రాసిన పాత సర్పంచుల పేర్లు, ఎప్పుడూ తెరిచే ఉండే తలుపు, అంతే. తలుపు మూసుకుని చేసే పదవి కాదది. స్థానిక ప్రతినిధిని చంపదలచినవాడికి ఉన్న వెసులుబాటూ అదే.

2015 నవంబరు 17న చిత్తూరు మేయరు కఠారి అనురాధను నగరపాలక సంస్థ కార్యాలయంలోనే, బురఖాలు వేసుకొచ్చిన దుండగులు కాల్చి చంపారు. ఆమె భర్త మోహన్ కూడా ఆ దాడిలోనే ప్రాణాలు కోల్పోయారు. దాదాపు పదేళ్ల తర్వాత, 2025 అక్టోబరులో, అక్కడి న్యాయస్థానం ఐదుగురికి మరణశిక్ష విధించింది. దోషుల్లో మొదటివాడు మోహన్‌కు మేనల్లుడే కావడంతో చాలామంది దీన్ని ఇంటి తగాదాగా చెప్పుకుంటారు. మేయరును మేయరు గదిలో చంపితే అది ఇంటి విషయం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అయితే ఈరోజు నేను ఎక్కువగా మాట్లాడదలచింది మదురై జిల్లా మేలవళవు గురించి. 1996లో ఆ పంచాయతీ అధ్యక్ష పదవిని షెడ్యూల్డు కులాలకు కేటాయించగా, బెదిరింపులకు జడిసి అభ్యర్థులు నామినేషన్లు ఉపసంహరించుకున్నారు. మళ్లీ పోలింగు పెడితే బ్యాలెట్ పెట్టెలు ఎత్తుకెళ్లారు. చివరికి ఆ ఏడాది ఆఖరులో పోలీసు బందోబస్తు నడుమ మురుగేశన్ గెలిచారు. గెలిచినా ఆయనను పంచాయతీ కార్యాలయంలో కూర్చోనివ్వలేదు. 1997 జూన్ 30న, దళితుల ఇళ్లు తగలబడ్డ ఉదంతంలో నష్టపరిహారం అడగడానికి మదురై కలెక్టరేటుకు వెళ్లి, మామూలు ప్రయాణికుల బస్సులో తిరిగొస్తుండగా, దారికాచి ఆరుగురిని నరికి చంపారు. మురుగేశన్ తల వేరు చేశారు. చనిపోయినవారిలో పంచాయతీ ఉపాధ్యక్షుడు కూడా ఉన్నారు.

ఈ చివరి సంగతి దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. మన తెలంగాణలో సర్పంచ్ పదవి ఖాళీ అయితే ఉప సర్పంచ్ బాధ్యతలు చూస్తారు. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కుల మీద ఇద్దరి సంతకాలూ ఉండాలంది. ఏర్పాటు బాగానే ఉంది, కానీ అది జబ్బుతో పోయిన సర్పంచ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినది. ఒకే బస్సులో ఇద్దరినీ చంపాక ఉప ఎన్నిక నోటిఫికేషన్ రావచ్చు, రిజర్వేషన్ కూడా మారకపోవచ్చు. నామినేషన్ వేసేవారు దొరకాలి కదా?

మేలవళవు కేసులో 2001లో 17 మందికి యావజ్జీవ శిక్ష పడింది, పై కోర్టులూ దాన్ని ఖాయం చేశాయి. నాయకుల శతజయంతి సందర్భంగా ఇచ్చే క్షమాభిక్ష కింద 2008లో ముగ్గురిని, 2019 నవంబరులో 13 మందిని తమిళనాడు ప్రభుత్వం విడుదల చేసింది.

నామినేషన్ పత్రంలో అభ్యర్థి సంతకంతో పాటు ప్రతిపాదకుడి సంతకానికీ ఒక గడి ఉంటుంది. అలాంటి విడుదల వార్త విన్న ఊళ్లో ఆ గడిలో సంతకం పెట్టమని పక్కింటివాడిని అడగాల్సిన మనిషి గురించే నేను ఆలోచిస్తున్నాను.