ఊరి సొమ్ము ముట్టనివ్వని జనం, దేశం సొమ్ము ఎందుకు వదిలేస్తారు? | ‘ఎ మ్యాన్ ఆఫ్ ది పీపుల్’ రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు పుస్తకం నైజీరియా రచయిత చినువా అచేబే రాసిన ‘ఎ మ్యాన్ ఆఫ్ ది పీపుల్’. 1966 జనవరిలో వచ్చింది. నవలలో దేశం పేరు ఎక్కడా ఉండదు గానీ, అది ఏ దేశమో ఇట్టే తెలిసిపోతుంది. కథ చివరిదాకా చెప్తున్నాను, ముందే చెప్పేస్తున్నా.

ఒడిలి ఓ కుర్ర టీచరు. చిన్నప్పుడు తనకి పాఠాలు చెప్పిన నంగా మాస్టారు ఇప్పుడు మంత్రి. శిష్యుణ్ణి రాజధానికి పిలిచి ఇంట్లోనే ఉంచుకుంటాడు. అక్కడ ఒక అమ్మాయి విషయంలో ఇద్దరికీ చెడుతుంది. ఆ కక్షతో ఒడిలి కొత్త పార్టీలో చేరి, మంత్రి మీదే పోటీకి దిగుతాడు. హీరోని ఆదర్శమూర్తిగా చూపించకపోవడమే నాకు బాగా నచ్చింది.

అసలు విషయానికొస్తా. అనాటా అనే ఊళ్లో జోసయా అని ఒక కొట్టతను ఉంటాడు. అజోగే అనే గుడ్డి బిచ్చగాణ్ణి పిలిచి, అన్నం పెట్టి, కల్లు పోసి, అతని చేతికర్ర కాజేసి కొత్తది పెట్టేస్తాడు. ఆ పాతకర్రతో మంత్రపు మందు చేసి జనం కళ్లు కప్పాలనుకున్నాడని ఊరి నమ్మకం. ఇక ఒక్కరంటే ఒక్కరు ఆ కొట్టు గడప తొక్కరు. కొద్దిరోజుల్లోనే కొట్టు మూతపడుతుంది. యజమాని కంట్లో పడేంత దోచేశాడు అంటారు జనం. అక్కడ యజమాని అంటే ఊరే.

ఇప్పుడు ఎలక్షన్లకు రండి. ఒడిలి సొంతూరు ఉరువాలో మంత్రులు తింటున్నారని అందరికీ తెలుసు. “తింటే తిన్నారు, మనకూ నీళ్లు వస్తున్నాయిగా” అంటాడొకాయన. నీళ్ల స్కీముకి తెచ్చిన పైపుల్ని, ఊరు ఒడిలి వైపు మొగ్గిందని తెలియగానే ఎత్తుకుపోతారు. అంతటితో ఊరు మాట మార్చేస్తుంది. నాకైతే వాళ్ల మీద కోపం రాలేదండీ. పైపులు ఎవరి డబ్బుతో కొన్నారో వాళ్లకి ఎవరైనా చెప్పారా? మంత్రిగారు తన జేబులోంచి ఇచ్చినట్టే కదా పంచాడు!

నంగా మీటింగుకి ఒడిలి టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకుని దొంగచాటుగా వెళ్తాడు. గుర్తుపట్టి పట్టించేది ఎవరనుకున్నారు? ఆ జోసయానే. ఊరు తరిమేసినవాడు మంత్రి పార్టీలో తేలాడు. ఒడిలిని చావగొడతారు. ఈ ఒక్క సీన్ కోసమైనా పుస్తకం కొనొచ్చు.

మంత్రి రెండో పెళ్లాంగా తెచ్చుకోవాలనుకున్న ఎడ్నాతో ఒడిలి ప్రేమకథ మాత్రం చివర్లో మరీ సులువుగా తేలిపోయింది.

ముగింపులో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోస్తుంది. పుస్తకం వచ్చిన ఆ జనవరిలోనే, 15న, నైజీరియాలో నిజంగానే సైనిక తిరుగుబాటు జరిగింది. నవలలో నిన్నటిదాకా “తిననీ” అన్నవాళ్లే తెల్లారేసరికి మంత్రుల్ని తిట్టడం మొదలెడతారు. ఒడిలికి అది సంతోషమివ్వదు. దోచినవాణ్ణి దించింది తుపాకులు, ఓటర్లు కాదని అతనికి తెలుసు.

దాదాపు 150 పేజీలు. ఇంగ్లీషు తేలికే. పిడ్జిన్ (అక్కడి జనం మాట్లాడే కలగాపులగం ఇంగ్లీషు) డైలాగులు మొదట్లో తికమక పెడతాయి, పైకి చదివితే అర్థమైపోతాయి.