యానాంలో పెళ్లి

శ్రోతలకు నమస్కారం.

కాకినాడ నుంచి అమలాపురం బస్సెక్కితే మధ్యలో ఓ ఊరొస్తుంది. జనం మనవాళ్లే, మాట మన మాటే, పక్కన పారేది మన గౌతమీ గోదావరే. పరిపాలన మాత్రం పుదుచ్చేరిది. పెట్రోలు చవకని అక్కడ ఆగే బళ్లు ఆగుతుంటాయి. పెట్రోలు ఒక్కటేనా అని మీలో కొందరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. అదే యానాం. మొత్తం 30 చదరపు కిలోమీటర్లు.

1723లో ఫ్రెంచివాళ్లు అక్కడ కాలుపెట్టారు. మధ్యలో ఇంగ్లీషువాళ్లు లాక్కోవడం, తిరిగివ్వడం చాలాసార్లు జరిగింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో ఊరు విముక్తమైంది. ఆ కథ చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి. విదేశీ సరుకు కోసం చుట్టుపక్కల వాళ్లంతా ఎగబడిన మంగళవారం సంత ముచ్చట్లు కూడా ఇవాళ వదిలేస్తున్నాను. నాకిచ్చిన సమయం కొంచెం. ఇవాళ చెప్పదలచింది పెళ్లిళ్ల సంగతి.

1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే నేరం. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. పెళ్లి చేసిన తండ్రికీ, చేయించిన పురోహితుడికీ నెల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. ఆ రోజుల్లో వెయ్యి రూపాయలండీ!

అయితే ఆ చట్టంలో రెండు సందులున్నాయి. ఒకటి, శిక్ష పడినా పెళ్లి చెల్లుతుంది. రెండోది, మొదట్లో ఆ చట్టం బ్రిటిషు ఇండియాకే. యానాంలో ఫ్రెంచి ప్రభుత్వం 1819 నుంచీ ఇలాంటి విషయాల్లో ఎవరి ఆచారం వాళ్లదేనని వదిలేసింది. ఇంకేముంది? ఏరు దాటితే నేరం లేదు. తిరిగొస్తే పెళ్లి చెల్లుతుంది. గోదావరి జిల్లాల వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని యానాం దారి పట్టారు. ఊరికి కల్యాణపురమని పేరొచ్చింది. కోనసీమ గట్టున మురమళ్లలో వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం. ఈ గట్టున యానాంలో పసిపిల్లలకి నిత్యకల్యాణం!

మా అమ్మమ్మ పెళ్లి అక్కడే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఆవిడకి తొమ్మిదేళ్లు, తాతయ్యకి పద్నాలుగు. వాళ్లది ముమ్మిడివరం దగ్గర పల్లె. శుభలేఖల్లేవు, ఊళ్లో పందిరి లేదు. కోటిపల్లి వెళ్లి గోదావరి స్నానం చేసొస్తామని ఇరుగుపొరుగుకి చెప్పి, తెల్లారగట్ల రెండెడ్ల బండి కట్టించారట. 1938లో చట్టాన్ని సవరించి, బ్రిటిషు ప్రజలు ఏరు దాటి చేసినా నేరమే అన్నారు. అయినా భయం పోలీసులంటే కాదు, పాలివాళ్లంటే, దాయాదులంటే. ఎవరో ఒకరు కోర్టులో ఫిర్యాదు చేస్తే తప్ప ఆ కేసు నడవదు మరి. పొలం గట్టు తగాదా ఉన్న పాలివాడికి అంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది?

ఎదుర్లంక రేవులో పడవెక్కారు. పురోహితుడుగారు ఏటికి ఇవతల ఒక్క మంత్రం చదవనన్నారట. పడవ అవతలి గట్టుకి తగిలింది. పిల్లని దింపుతుంటే పట్టు పరికిణీ అంచు బురదలో తడిసింది. వాళ్లమ్మ అక్కడికక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంది. పిల్ల పెళ్లికి కాదు, పరికిణీకి!

అద్దె పందిరి. వీళ్లకన్నా ముందు వేరే ఊరివాళ్లది అయింది. వాళ్ల తలంబ్రాల బియ్యం ఇంకా ఊడవలేదు. పీటల దగ్గరికి నడుస్తుంటే అరికాళ్లకి గుచ్చుకున్నాయట. అమ్మమ్మ ఎనభై దాటాక కూడా ఆ బియ్యం సంగతి చెబుతూ అరికాలు రుద్దుకునేది. మంగళసూత్రం ఎప్పుడు కట్టారో గుర్తులేదు. ఎవరో చేతిలో కాజా పెట్టారని గుర్తుంది. పెట్రోమాక్సు దీపం బుస్సుమంటుంటే భయమేసిందని గుర్తుంది. "సంకల్పంలో పురోహితుడు భరతవర్షే భరతఖండే అనే అన్నాడురా, ఫ్రెంచి ఖండే అన్లేదు. దేవుడికి ఏ ఊరని చెప్పినట్టో!" అని నవ్వేది.

నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వు సగంలో ఆగిపోతుంది. తొమ్మిదేళ్ల పిల్ల. రెండో తరగతితో చదువు ఆగిపోయింది. ఇదే గోదావరి గట్టున, రాజమహేంద్రవరంలో, 1881లో కందుకూరి వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం చేయించారు. చిన్నప్పుడే పెళ్లయి చిన్నప్పుడే బొట్టు చెరిపించుకున్న పిల్లల కోసం ఆయన ఊరంతటితో వైరం తెచ్చుకున్నారు. అర్ధశతాబ్దం గడిచాక కూడా మనవాళ్లు పిల్లల్ని పడవలెక్కించి ఏరు దాటించారు. తెలివి ఉంది, కాదనను. ఆ తెలివి పెట్టిన చోటే నాకు నచ్చదు.

సరే, గంట కొట్టేస్తారు. ఒక్క పని చెప్పి ముగిస్తాను. ఆ యానాం పెళ్లికూతుళ్లలో ఇంకా ఉన్నవాళ్లకి ఇప్పుడు తొంభై దాటి ఉంటుంది. మీ ఇంట్లోనో, వీధిలోనో అలాంటి ముసలమ్మ ఉంటే ఈ ఆదివారం వెళ్లి పక్కన కూర్చోండి. ఏ సంవత్సరమని అడక్కండి, చెప్పలేరు. ఏ రేవులో పడవెక్కారు, ఎవరు ఎత్తుకున్నారు, ఊళ్లో ఏమని చెప్పి బయల్దేరారు, తిరిగొచ్చాక బడికి పంపారా, ఇవి అడగండి. ఫోన్లో రికార్డు చేయండి. ముందు టీవీ కట్టేయండి. లేకపోతే ఆవిడ మాట ఒక్కటీ పడదు.

నమస్కారం.