కావలి, కందుకూరు, కనిగిరి, బిట్రగుంట: రిటైరయ్యాక ఏ ఊరు నిజంగా చవక?

నమస్కారం అండి. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది కావలిలో మేము అద్దెకుంటున్న ఇంటి వంటగది. పొయ్యి మీద కుక్కర్, కుక్కర్‌లో కందిపప్పు. ఊళ్ల సంగతి చెబుతానని పిలిచి వంట చూపిస్తోంది ఏమిటి ఈవిడ అనుకోకండి. ఈ పప్పు వల్లే మేము ఒక ఊరు వదులుకున్నాం.

ముందు మా లెక్క చెబుతాను, లేకపోతే మీ లెక్కతో పోల్చుకోలేరు. మా వారు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. ఆయనకు ఈపీఎఫ్ పింఛను నెలకు మూడు వేలు కూడా రాదు. చేతికొచ్చిన డబ్బులో 30 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేశాం. ఒక మనిషి అంతవరకు వేసుకోవచ్చని 2023 ఏప్రిల్ నుంచి పరిమితి పెంచారు. మేము వేసినప్పుడు వడ్డీ 8.2 శాతం. అంటే మూడు నెలలకోసారి 61,500, నెలకు పంచుకుంటే 20,500. ఇందులో హైదరాబాద్ అద్దె పోతే మిగిలేది మందులకూ పాలకూ సరి. మా అమ్మాయి చెన్నైలో ఉంటుంది. సగం దారిలో ఎక్కడైనా ఉందామని నెల్లూరు, ప్రకాశం వైపు వచ్చాం.

మొదట కనిగిరి వెళ్లాం. అద్దెలు వింటుంటే మా వారికి ముఖం వెలిగిపోయింది. రెండు పడక గదులు, ముందు వేపచెట్టు, నాలుగు వైపులా గాలి. నెలకు 4,500. అడ్వాన్సు జేబులోంచి తీయబోతున్నారు. ఇంటావిడ మాకు మజ్జిగ ఇచ్చింది. చాలా మంచి మనిషి.

"నీళ్లు ఎలా ఉంటాయమ్మా?" అని అడిగాను.

"బోరు పుష్కలం అక్కా. మే నెలలో కూడా ఆగదు."

"తాగడానికి?"

"తాగడానికైతే క్యాను వేయించుకుంటాం."

చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు బకెట్టు అంచు చూశాను. సున్నం పూసినట్టు తెల్లగా గట్టు కట్టి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. మొహమాటం పక్కన పెట్టి, "ఒక గుప్పెడు పప్పు మీ బోరు నీళ్లతో ఉడికించి చూస్తానమ్మా" అన్నాను. ఆవిడ వింతగా చూసినా కుక్కర్ ఇచ్చింది. ఆరు విజిళ్లు వచ్చాయి. మూత తీస్తే పప్పు గింజకు గింజ విడివిడిగా ఉంది. గరిటెతో నొక్కితే పక్కకు జారిపోతోంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పప్పు మెత్తబడదు. మన అమ్మమ్మలకు ఈ పేర్లు తెలియకపోయినా "ఈ బావి నీళ్లలో పప్పు ఉడకదు" అని మాత్రం తెలుసు.

అయితే ఒక హెచ్చరిక. పప్పు ఉడికింది కదా, నీళ్లు మంచివే అనుకోకండి. కనిగిరి, పొదిలి, దర్శి, ఈ మెట్ట ప్రాంతమంతా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్‌కు దశాబ్దాలుగా పేరుపడింది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, పప్పుకు దొరకదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దిక్కు లేని చోట ఒకటిన్నర వరకు ఒప్పుకుంటారు. మరిగిస్తే పోతుందని చాలా మంది అనుకుంటారు. పోదండి, నీళ్లు ఆవిరై ఉన్నది ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా ఆపదు. ఆర్వో అయితే ఆపుతుంది. కాబట్టి బోరు మీద ఆధారపడిన ఇల్లు ఏదైనా, ఏ ఊళ్లోనైనా, ఒక సీసా నీళ్లు ప్రయోగశాలలో పరీక్ష చేయించాకే అడ్వాన్సు ఇవ్వండి. అరవై దాటిన మోకాళ్లకు కొత్త కష్టం ఎందుకు?

కనిగిరిని తీసిపారేయడం లేదు. అక్కడ మీకు సొంత ఇల్లు, సొంత మనుషులు ఉంటే నా మాట పట్టించుకోకండి. మాకు ఎవరూ లేరు. పెద్ద ఆసుపత్రి కావాలంటే ఒంగోలు 80 కిలోమీటర్లకు పైనే. నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం ఆ వైపు నుంచే వేస్తున్నారు, మంచిదే. కానీ రైలు వచ్చాక మాట్లాడుకుందాం.

మార్కాపురం, కంభం కూడా చూశాం. మార్కాపురంలో చెన్నకేశవుడి గుడి, కంభంలో విజయనగర రాజుల కాలం నాటి చెరువు. కంభం చెరువు గట్టు మీద సాయంత్రం నిలబడితే ఇక్కడే ఉండిపోదాం అనిపిస్తుంది. ఉండిపోలేదు.

ఇక బిట్రగుంట. ఈ ఊరి దగ్గర నేను నిష్పక్షపాతంగా ఉండలేను, ముందే చెప్పేస్తున్నాను. మా మామగారు రైల్వేలో ఫైర్‌మ్యాన్, అంటే ఇంజన్‌లో బొగ్గు వేసే ఉద్యోగం. బొగ్గు ఇంజన్ల రోజుల్లో బిట్రగుంట షెడ్ అంటే పెద్ద పేరు. మద్రాసు, బెజవాడల మధ్య ఇంజన్లు ఇక్కడ మారేవి. ఆవిరి పోయి డీజిలూ కరెంటూ వచ్చాక ఊరు నెమ్మదిగా చల్లబడింది. విశాలమైన వీధులు, పాత రైల్వే క్వార్టర్లు, పెద్ద పెద్ద చెట్ల నీడ. మా వారు ఒక క్వార్టర్ ముందు ఆగి, "ఇక్కడే నాన్న బూట్లు విప్పేవారు" అన్నారు. ఏమండీ, కెమెరా కదులుతోంది, సరిగ్గా పట్టుకోండి. ఈయనకు ఇప్పటికీ బిట్రగుంట మీదే మనసు. అద్దె తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. ఆ నిశ్శబ్దమే నాకు అడ్డొచ్చింది. రాత్రి ఎనిమిదికి మందుల దుకాణం కోసం వెతికితే షట్టర్ దించేసి ఉంది. ప్రతి చిన్న అవసరానికీ కావలి రావాల్సిందే అయితే కావలిలోనే ఉండొచ్చు కదా?

కందుకూరులో మా వారి మేనమామ కుటుంబం ఉంది. బజారు బాగుంటుంది, కూరగాయలు తాజాగా దొరుకుతాయి. ప్రకాశం జిల్లాలో ఉన్న ఊరిని 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. జిల్లా సరిహద్దులు గీసేవాళ్ల చేతిలో ఉంటాయి, మనం చూసుకోవలసింది బస్సు దూరం. రైలు ఎక్కాలంటే సింగరాయకొండ వెళ్లాలి, దాదాపు 15 కిలోమీటర్లు. ఇంట్లో బండి నడిపే పిల్లలుంటే అది దూరమే కాదు. సూట్‌కేసు మోసుకుంటూ తెల్లవారుజామున ఆటో కోసం నిలబడే ఇద్దరు ముసలివాళ్లకు దూరమే. మా మేనమామగారు ఇది చూస్తే కోపగించుకుంటారు. రెండో స్థానం మీదే మామయ్యా.

మేము కావలిలో ఎందుకు ఆగాం? ఇక్కడ అద్దె 8,000. కనిగిరి ఇంటికి దాదాపు రెట్టింపు. అయినా ఇదే చవక అంటున్నాను, చూడండి. ఇంటి నుంచి కూరగాయల బజారు, బ్యాంకు, బస్టాండు, రైల్వే స్టేషన్ అన్నీ నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉన్న కారు అమ్మేశాం. దాని బీమా, పెట్రోలు, మరమ్మతులు లెక్కేస్తే అద్దెలో తేడా అక్కడే తీరిపోయింది. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగుతుంది, ఉదయం ఎక్కితే మధ్యాహ్నానికి అమ్మాయి ఇంట్లో ఉంటాం. రైల్లో వృద్ధుల రాయితీ 2020లో ఆగిపోయింది. ఆర్టీసీ బస్సులో మాత్రం అరవై దాటినవాళ్లకు 25 శాతం తగ్గిస్తారు, ఆధార్ కార్డు వెంట పెట్టుకోండి.

ఇల్లు ఖాయం చేసుకోకముందు ఒక పని చేశాం. రాత్రి పదిన్నరకు ఇద్దరం వీధిలోకి బయలుదేరాం. ఏ మందుల షాపు తెరిచి ఉంది, ఆటో దొరుకుతుందా, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది. గడియారం చూసుకుంటూ తిరిగాం. పక్షవాతం వచ్చినప్పుడు రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పని చేస్తుంది. దానికి ముందు స్కాన్ తీయాలి. పగలు పన్నెండింటికి ఇల్లు చూపించే బ్రోకరు ఈ విషయం చెప్పడు. ఆయనకు తెలియక కాదు, మనం అడగం.

ఇంకొకటి, ఇది మ్యాపు చూస్తే గానీ తట్టదు. కావలి పెన్నకు ఉత్తరాన ఉంది, నెల్లూరు నగరం దక్షిణపు ఒడ్డున. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. మన దగ్గర పెద్ద వానలంటే ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలూ చాలా తుఫానులూ అప్పుడే. ఆ రోజుల్లో నెల్లూరు దారి మూసుకుపోతే ఒంగోలు వైపు వెళ్లడానికి ఇంకో దారి ఉండడం కావలికి కలిసొచ్చే సంగతి. ఇల్లు మాత్రం వీధి కంటే మూడు మెట్లు ఎత్తున్నదే చూసుకోండి.

లోపాలు లేవా? దోమలు. హైవే రొద. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం పదకొండు దాటితే గడప దాటలేం, సాయంత్రం సముద్రపు గాలి తిరిగితేనే ప్రాణం లేచి వస్తుంది. తుమ్మలపెంట తీరం దగ్గర్లోనే ఉంది కదా, అక్కడే ఇల్లు తీసుకుందామని మా వారు అన్నారు. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు ఎలా తుప్పు పడతాయో చూపించాక మానుకున్నారు. రామాయపట్నం పోర్టు పనులు మొదలైనప్పటి నుంచి స్థలాలు అమ్మేవాళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. "రెండేళ్లలో రెట్టింపు మేడమ్" అంటారు. నాకు అరవై రెండు, ఆ రెట్టింపు ఎవరికి? ఉన్న డబ్బు స్థలంలో పాతిపెట్టి నెల ఖర్చుకు పిల్లల వైపు చూడవద్దు. మేము కొనలేదు, అద్దెకే ఉన్నాం. మే నెల ఒకటి, నవంబరు ఒకటి ఇక్కడ గడిపాకే హైదరాబాద్ ఇల్లు ఖాళీ చేశాం.

ఇదిగో, ఆవిరి దిగింది, మూత తీస్తున్నాను. దగ్గరగా చూపించండి. నాలుగు విజిళ్లే. చూశారా, గరిటె తగలగానే వెన్నలా నలిగింది. ఇది కుళాయి నీళ్లతో ఉడికినది. ఇదే ఇంటి బోరు నీళ్లతో ఇంకో రెండు విజిళ్లు పడుతుంది, అది కూడా చూశాను.

మీరు చూసిన ఊళ్లో పప్పుకు ఎన్ని విజిళ్లు పట్టిందో కామెంట్లలో రాయండి. వచ్చే వారం ఆత్మకూరు వెళుతున్నాం. మా వారు బిట్రగుంట మీదుగా వెళదామంటున్నారు, అది దారి కాదని ఆయనకూ తెలుసు. కుళాయి వచ్చినట్టుంది, బిందెలు పెట్టాలి. ఉంటానండి.