గుమస్తాని పెట్టుకునే ముందు

(విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ షాపులు, వర్క్‌షాపుల యజమానుల కోసం ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. షట్టర్లు దించి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్దాం.

మన దగ్గర మనిషి కావాలంటే ఏం చేస్తాం? "నమ్మకస్తుడెవరైనా ఉంటే చెప్పండి" అని నలుగురి చెవిన వేస్తాం. బావమరిది ఊరివాడో, పక్క షెడ్డు మేస్త్రి తమ్ముడో వస్తాడు. చదువెంత, ఎక్కడ చేశావు, జీతం ఎంత కావాలి... పది నిమిషాల్లో ఖాయం. తెలిసినవాళ్ళు పంపడంలో తప్పేం లేదు. అయితే ఆ మాట మనిషికి జామీను, పనికి జామీను కాదు. మూడు నెలలకి స్టాకులో తేడా వస్తే, పంపినాయన మొహం చూసి తీసెయ్యనూ లేరు, ఉంచుకోనూ లేరు.

కాబట్టి ముందు ఆ కుర్చీలో రోజూ జరిగే పనేంటో కాగితం మీద పెట్టండి. "అకౌంట్లు చూడాలి" అని రాస్తే లాభం లేదు. కొనుగోలు బిల్లులు రోజుకి 40 ఎక్కించాలి, రాత్రికి గల్లా లెక్క తేల్చాలి, నెలకోసారి ర్యాకుల్లో సరుకు లెక్కపెట్టాలి అని రాయండి. పరీక్ష అందులోంచే పుడుతుంది.

గుమస్తాకైతే పది పాత బిల్లులు తీసి, మూడింట్లో తప్పులు పెట్టండి. మొదటిది హైదరాబాద్ సరుకు. అమ్మినవాళ్ళ జీఎస్టీ నంబరు తెలంగాణ కోడు 36తో మొదలవుతుంది, మనది ఆంధ్ర కోడు 37తో. రాష్ట్రం దాటి వచ్చింది గనక ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను, 18 శాతం పడాలి. దాన్ని రాష్ట్రం లోపలి అమ్మకమన్నట్టు సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9 అని మార్చండి. రెండోదాంట్లో బేరింగులు బిల్లులో 12, సరుకుతో వచ్చే డెలివరీ చలానాలో 10 ఉండనివ్వండి. మూడోది, ఒకే బిల్లు ఒరిజినలూ జిరాక్సూ రెండూ కట్టలో కలిపెయ్యండి. అరగంట టైమిచ్చి ఎక్కించమనండి.

వేగం చూడకండి. తప్పు దగ్గర ఆగి మిమ్మల్ని అడిగాడా, గమనించకుండా దాటేశాడా, లేక తనే సర్దేశాడా? అడిగినవాడు నెమ్మదైనా పనికొస్తాడు. దాటేసినవాడికి నేర్పుకోవచ్చు. తోచినట్టు సర్దేసేవాడితోనే అసలు చిక్కు, రేపు మీ పుస్తకాల్లోనూ అదే చేస్తాడు. వచ్చిన అందరికీ అవే బిల్లులు, అవే ప్రశ్నలు ఇవ్వండి. మార్కులు అప్పటికప్పుడే వెయ్యండి. సాయంత్రం వేద్దామనుకుంటే చివర వచ్చినవాడే గుర్తుంటాడు. ట్రయల్ పేరుతో రోజంతా పని చేయించుకుంటే మాత్రం ఆ రోజు కూలి ఇవ్వాలి.

బండ్ల ఎలక్ట్రీషియన్‌కి వోల్టులు కొలిచే మల్టీమీటరు ఇవ్వండి చాలు. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండా చార్జైన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజను నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.4 దాకా చూపించాలి. రెండో రీడింగు పెరగకపోతే ఎక్కడ వెతుకుతావని అడగండి. ఆల్టర్నేటరు (బ్యాటరీని చార్జి చేసేది), దాన్ని తిప్పే బెల్టు అనే మాటలు వెంటనే రావాలి.

డ్రైవరు లైసెన్సు కార్డు చూసి వదిలెయ్యకండి. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే ఏ తరగతి బండికి, ఎప్పటిదాకా చెల్లుతుందో వస్తుంది. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండిని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. అంతకు మించిన లారీకి ట్రాన్స్‌పోర్ట్ బండి లైసెన్సు ఉండాల్సిందే. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ ముందు అడిగేది అదే.

పాత అనుభవం సంగతి. పీఎఫ్ ఉన్నచోట చేసి ఉంటే, యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారుడి నంబరు) కింద ఉండే సర్వీసు వివరాలు తన ఫోన్లో తననే తెరిచి చూపించమనండి. పాస్‌వర్డు మీరు అడక్కండి. అందులో మానేసిన తేదీ లేకపోతే అబద్ధమని తేల్చెయ్యకండి, పాత యజమాని ఎక్కించకపోవడం మామూలే. పాత యజమానికి ఫోన్ చేసేటప్పుడు కుర్రాడిచ్చిన సెల్ నంబరుకి కాకుండా ఆ షాపు బోర్డు మీదో బిల్లు మీదో ఉన్న నంబరుకి చెయ్యండి. అవతల మాట్లాడేది వాడి స్నేహితుడే కావచ్చు మరి. "ఎలాంటివాడు?" అంటే "మంచోడేనండీ" అనే వస్తుంది. "ఏ నెల నుంచి ఏ నెల దాకా చేశాడు? డబ్బు చేతికిచ్చేవారా? మళ్ళీ వస్తే పెట్టుకుంటారా?" అనండి. చివరి ప్రశ్న దగ్గర అవతలాయన ఎంతసేపు ఆగాడో వినండి.

ఇక అడగకూడనివి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కులు తీసుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు మానండి. ఉద్యోగమిచ్చే ముందు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోమనడాన్ని 2017 చట్టం నిషేధించింది. ఆడపిల్లని పెళ్ళెప్పుడని అడిగితే పని గురించి తెలిసేది సున్నా. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని "పని నేర్చుకుంటాడులే" అన్నా పెట్టుకోకూడదు.

పదిమంది కాకుండా తొమ్మిది దగ్గరే ఆపేసే లెక్కలు ఇక్కడ చాలామందికి తెలుసు! పదిమంది నుంచి ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా), ఇరవై మంది నుంచి పీఎఫ్ కట్టాలి. ఈఎస్‌ఐలో జీతగాడి వాటా జీతంలో 0.75 శాతం, మీది 3.25. చెయ్యి యంత్రంలో పడిన రోజున ఆ 3.25 చాలా చవగ్గా కనిపిస్తుంది.

ఎంపిక కానివాళ్ళకి కూడా ఫోన్ చేసి ఆ మాట చెప్పండి, ఊరికే తిప్పుకోకండి. వాళ్ళ ఆధార్ జిరాక్సులు చించెయ్యండి. అవి పాత పేపర్లతో పాటు కాటాకి వెళ్ళి, రేపు ఎవరి చేతిలోనో మిరపకాయ బజ్జీల పొట్లంగా తేలకూడదు.