లినక్స్‌లో మ్యూజిక్ ప్రొడక్షన్: ఏది నిలబడుతుంది, ఏది కూలుతుంది

నమస్తే అండి. లినక్స్‌లో పాట మొదలుపెడితే మిక్స్ దాకా సాఫీగా సాగుతుందా, లేక సగం టైం కమాండ్లు కొట్టే టెర్మినల్‌తోనే సరిపోతుందా? ఇవాళ తేల్చేది అదే. జవాబు ముందే చెప్పేస్తాను: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లతో పెద్దగా గొడవ లేదు. గొడవంతా ప్లగిన్లతోనూ (వాయిద్యాలకీ ఎఫెక్ట్‌లకీ ఆ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు), అప్‌డేట్లతోనూ.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో రీపర్, బిట్‌విగ్, ఆర్డోర్, మూడూ లినక్స్‌లో నేటివ్‌గా, అంటే మధ్యలో వేరే ప్రోగ్రాం అక్కర్లేకుండా నడుస్తాయి. రీపర్ చాలా తేలిక, పాత ల్యాప్‌టాప్ మీద కూడా బండి లాగేస్తుంది. ఆర్డోర్ మైకులు పెట్టి రికార్డు చేసుకునేవాళ్ళకి బాగా నప్పుతుంది, బీట్లు కట్టేవాళ్ళకి మాత్రం కాస్త మొరటుగా అనిపిస్తుంది. స్థిరత్వంలో అసలు తేడా ఎక్కడంటే, ప్లగిన్ క్రాష్ అయినప్పుడు. బిట్‌విగ్ ప్లగిన్లని వేరే ప్రాసెస్‌లో, అంటే విడి ప్రోగ్రాంగా పెడుతుంది కాబట్టి ఆ ఒక్క ప్లగినే పోతుంది, పాట ఆగదు. ఆర్డోర్‌లో అన్నీ ఒకే ప్రాసెస్, ఒక్క ప్లగిన్ పడితే మొత్తం సెషన్ మూతపడుతుంది. రికార్డింగ్ మధ్యలో అలా జరిగితే, మళ్ళీ తెరిచినప్పుడు రికవర్ చెయ్యాలా అని అడుగుతుంది. అవునని చెప్పండి, కంగారుపడి కొత్త సెషన్ మొదలుపెట్టకండి.

ఇప్పుడు చిటపటలు, అంటే ఎక్స్‌రన్లు: కంప్యూటర్ శబ్దాన్ని సమయానికి అందించలేక మధ్యలో తెగడం. ఇప్పటి డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ఆడియోని పైప్‌వైర్ అనే ప్రోగ్రాం చూసుకుంటుంది. దాని మామూలు బఫర్ (ఒక్కో విడతలో పోగుచేసే శబ్దం) 1024 శాంపిళ్ళు, అంటే 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో విడతకి సుమారు 21 మిల్లీసెకన్లు. మిక్సింగ్‌కి ఇది చాలు. పాడుతూ మీ గొంతు మీరే హెడ్‌ఫోన్స్‌లో వినాలంటే 128 కి దించాలి, అప్పుడు విడతకి 2.7 మిల్లీసెకన్లు. కానీ మొత్తం ఆలస్యం అంతేనని అనుకోకండి. లోపలికి ఒక బఫర్, బయటికి ఒకటి, పైన యూఎస్‌బీ, కన్వర్టర్ల ఆలస్యాలు కలుస్తాయి. అసలు అంకె కావాలంటే ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ గుచ్చి, ఆర్డోర్‌లో లేటెన్సీ కాలిబ్రేషన్, అంటే ఆలస్యాన్ని కొలిచే పరీక్ష నడపండి.

స్క్రీన్ మీద చూడండి, ఇది పీడబ్ల్యూ-టాప్ అనే కమాండ్. ఈఆర్ఆర్ అనే కాలమ్‌లో అంకె పెరుగుతుంటే ఎక్స్‌రన్లు పడుతున్నట్టు. ఇప్పుడు మీ సాఫ్ట్‌వేర్ పేరున్న వరుసలో బీ/క్యూ, డబ్ల్యూ/క్యూ చూడండి. బీ/క్యూ 1 కి దగ్గరగా వస్తే ప్లగిన్లు ప్రాసెసర్‌ని మింగేస్తున్నాయి: ట్రాక్ ఫ్రీజ్ చెయ్యండి (ప్లగిన్లతో సహా మామూలు ఆడియోగా మార్చెయ్యండి), లేదా బఫర్ పెంచండి. డబ్ల్యూ/క్యూ పెరుగుతుంటే పని తక్కువే ఉన్నా దాని వంతు ఆలస్యంగా వస్తోందన్నమాట. అది పర్మిషన్ల సమస్యో, పవర్ సేవింగ్ సమస్యో అయ్యే అవకాశం ఎక్కువ. ఈ రెండింటికీ తేడా తెలీకపోతే వారం రోజులు బఫర్ తిప్పుతూనే ఉంటారు.

పర్మిషన్ల సంగతి ఇలా చూడండి. టెర్మినల్‌లో యూలిమిట్, స్పేస్, హైఫన్ ఆర్ కొట్టండి. 0 వస్తే రియల్‌టైమ్ ప్రాధాన్యం, అంటే మిగతా పనులకంటే ఆడియో ముందు నడిచే హక్కు, నేరుగా అందట్లేదు. మిమ్మల్ని ఆడియో గ్రూపులో చేర్చి, లిమిట్స్ ఫైల్‌లో ఆర్టీప్రయో 95, మెమ్‌లాక్ అన్‌లిమిటెడ్ అని రాయండి. తర్వాత లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సీపీయూ గవర్నర్‌ని పర్ఫార్మెన్స్‌లో పెట్టండి. రియల్‌టైమ్ కెర్నల్ (పనులు కచ్చితంగా సమయానికి జరిగేలా మార్చిన లినక్స్ మూలభాగం) కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆ కోడ్ 2024లో 6.12 తో ప్రధాన కెర్నల్‌లో కలిసిపోయింది కానీ, ఇంట్లో రికార్డింగ్‌కి మామూలు కెర్నలే సరిపోతుంది. పైగా ఆ కెర్నల్‌తో ఎన్‌విడియా సొంత డ్రైవర్ పేచీ పెడుతుంది.

ఇంకా తేలని చిటపటలుంటే, రికార్డింగ్ వరకూ పైప్‌వైర్‌ని పక్కనపెట్టి ఆర్డోర్‌లో నేరుగా లినక్స్ సౌండ్ డ్రైవర్ వ్యవస్థైన ఆల్సా ఎంచుకోండి. యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌కి పీరియడ్లు (బఫర్ ముక్కల సంఖ్య) 2 బదులు 3 పెట్టండి. అప్పుడు ఆ ఇంటర్‌ఫేస్ మీద బ్రౌజర్ శబ్దం రాదు. రికార్డింగ్‌లో అది కూడా మంచిదే లెండి.

ఇక ప్లగిన్లు. సర్జ్ ఎక్స్‌టీ, వైటల్, ఎల్‌ఎస్‌పీ, పియానోటెక్ లాంటివి నేటివ్‌గా దొరుకుతాయి, వీటితో పూర్తి మిక్స్ చెయ్యొచ్చు. విండోస్ ప్లగిన్లకి వైన్ (విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపేది), యాబ్రిడ్జ్ (ఆ ప్లగిన్లని లినక్స్ సాఫ్ట్‌వేర్‌కి కలిపే వంతెన) జోడీ కావాలి. సెటప్ చిన్నదే: యాబ్రిడ్జ్‌సీటీఎల్ కమాండ్‌కి ప్లగిన్ ఫోల్డర్ చూపించి సింక్ చెయ్యడమే. అసలు తంటా వైన్ వెర్షన్‌తో. యాబ్రిడ్జ్ 5.1.1 వాడేవాళ్ళు వైన్ 9.21 దగ్గరే ఆగాలి. 9.22 నుంచి ప్లగిన్ విండోలో మౌస్ ఒకచోట నొక్కితే క్లిక్ ఇంకోచోట పడుతుంది. సిస్టమ్ అప్‌డేట్ వైన్‌ని మీకు చెప్పకుండా పైకి తోసేస్తుంది, కాబట్టి ఆ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టండి. ఐలాక్ అనే లైసెన్స్ తాళం మీద ఆధారపడే ప్లగిన్లే మీ సౌండ్ అయితే మాత్రం లినక్స్‌కి మారొద్దు.

ఫ్లాట్‌ప్యాక్‌లో (సాఫ్ట్‌వేర్‌ని సిస్టమ్ నుంచి విడిగా ఉంచే ప్యాకేజీ రకం) సాఫ్ట్‌వేర్ వేస్తే సిస్టమ్‌లోని ప్లగిన్లు దానికి కనిపించవు, యాబ్రిడ్జ్ అసలే కలవదు. అందుకే మామూలు ప్యాకేజీ వాడండి.

ఇంటర్‌ఫేస్ విషయంలో ఒక్క మాట: క్లాస్ కంప్లయంట్ యూఎస్‌బీ (సొంత డ్రైవర్ అక్కర్లేని రకం) అయితే గుచ్చగానే పనిచేస్తుంది. సౌండ్ సెట్టింగుల ప్రోగ్రాం పావుకంట్రోల్‌లో ప్రో ఆడియో ప్రొఫైల్ ఎంచుకుంటే ఛానళ్ళన్నీ విడివిడిగా వస్తాయి. థండర్‌బోల్ట్‌వి కొనేముందు లినక్స్ డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి, చాలావాటికి లేదు.

మారాలని నిర్ణయించుకుంటే పాత కంప్యూటర్ ఇంకా చేతిలో ఉండగానే ఒక పని చెయ్యండి. ప్రతి ప్రాజెక్టులో ప్రతి ట్రాక్‌నీ మొదటి బార్ నుంచి, 24 బిట్ వేవ్‌గా, ఒకటి ఎఫెక్ట్‌తో, ఒకటి ఎఫెక్ట్ లేకుండా ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. మిడి ఫైళ్ళు (ఏ స్వరం ఎప్పుడు మోగాలో రాసి ఉండేవి) విడిగా తీయండి. టెంపో ఎంతో ఫోల్డర్ పేరులోనే రాసిపెట్టండి.